స్వదేశంలో పూలపొద – పరదేశంలో కలుపు: బిటూ బుష్ వ్యాప్తి పరిశీలన

కీలకపదాలు: బిటూ బుష్, ఆస్టరేసీ, ఇసుకదిబ్బలు, ఆక్రమణ జాతులు, జీవనియంత్రణ.

1. ఉపోద్ఘాతం

ఒక మొక్కను కలుపుగా నిర్ణయించేది దాని స్వభావమా, అది పెరిగే స్థలమా? ఈ ప్రశ్నను పరిశీలించడానికి బిటూ బుష్ తగిన ఉదాహరణ. దక్షిణాఫ్రికా సముద్రతీరపు ఇసుకదిబ్బలపై సహజంగా పెరిగే ఈ పొద పసుపుపచ్చని పూలతో చామంతిని తలపిస్తుంది. దీని శాస్త్రీయనామం క్రిసాంతమాయిడిస్ మోనిలిఫెరా. ఇందులో తొలిపదానికి చామంతి వంటిదని, మలిపదానికి హారం ధరించినదని అర్థం. ఆస్ట్రేలియా తీరంలో బిటూ బుష్‌గా పేరొందినది దీని రోటుండాటా ఉపజాతి.

2. ఫల విశేషం

వయ్యారిభామ, పొద్దుతిరుగుడు మొదలైన ఆస్టరేసీ కుటుంబపు మొక్కలకు సాధారణంగా పొడి ఫలాలుంటాయి. బిటూ బుష్ ఫలం మాత్రం కండగలది, పండితే నల్లబడుతుంది. పక్షులు దానిని తిని, గట్టి టెంకగల విత్తనాలను దూరప్రాంతాలకు చేరుస్తాయి. అందువల్ల దీని వ్యాప్తి గాలిపై ఆధారపడదు.

3. ఆస్ట్రేలియాలో వ్యాప్తి

న్యూ సౌత్ వేల్స్‌లోని న్యూకాజిల్ సమీపాన, స్టాక్టన్ వద్ద 1908లో ఈ పొద తొలిసారి నమోదైంది. ఓడల బరువు నిలకడకై నింపిన మట్టితో ఇది వచ్చి ఉంటుందని భావిస్తున్నారు. అయితే 1946–1968 మధ్యకాలంలో ఇసుకదిబ్బలను స్థిరపరచడానికి ఆ రాష్ట్ర మృత్తికా సంరక్షణ విభాగమే దీనిని విస్తృతంగా నాటించింది. ఇసుక కదలకుండా నిలిచింది కాని, దట్టమైన పొదల నీడలో స్థానిక మొలకలకు ఎదిగే అవకాశం లేకపోయింది. రక్షణకై నాటిన మొక్కనే 1999లో ఆ రాష్ట్రం జీవవైవిధ్యానికి ముప్పుగా చట్టబద్ధంగా గుర్తించింది.

4. పరస్పర ఆక్రమణ

ఆస్ట్రేలియాలో బిటూ బుష్ తొలగించిన స్థానిక జాతులలో అకేషియా లాంగిఫోలియా అనే తుమ్మజాతి మొక్క ఒకటి. అదే అకేషియా దక్షిణాఫ్రికాలో ఆక్రమణ మొక్క కావడం గమనార్హం. అంటే ఒక్కొక్కటి రెండవదాని నేలలో కలుపైంది. రెండింటి విత్తన నిల్వలూ పరాయినేలలోనే అధికంగా ఉన్నట్లు పరిశోధకులు గుర్తించారు. విత్తనాలను, చిగుళ్లను తినే సహజ శత్రువులు స్వదేశంలోనే ఉండిపోవడం దీనికి ముఖ్యకారణం.

5. నియంత్రణ

ఈ అవగాహనతోనే దక్షిణాఫ్రికా కీటకాలను ఆస్ట్రేలియాలో ప్రవేశపెట్టారు. 1989లో చిగుళ్లను తినే చిమ్మటను, 1996లో విత్తనాలను నశింపజేసే ఈగను వదిలారు. స్థానిక మొక్కల పెరుగుదల మందగించే శీతాకాలంలో తక్కువ మోతాదులో కలుపుమందు చల్లడం మరొక పద్ధతి. పొదలను తొలగించినా నేలలోని విత్తనాలు తిరిగి మొలకెత్తుతాయి కనుక స్థానిక జాతులను పునరుద్ధరించడమూ అవసరమే.

6. ముగింపు

బిటూ బుష్ స్వభావం రెండు దేశాలలోనూ ఒకటే. మారినది దాని చుట్టూ ఉన్న జీవసంబంధాల వల. కనుక తీరరక్షణకు మొక్కను ఎంచుకొనేటప్పుడు అది ఇసుకను ఎంతగా పట్టి ఉంచుతుందన్నదే కాక, దానిని అదుపులో ఉంచే జీవులు ఆ నేలలో ఉన్నాయా అన్నది కూడా ముందుగా పరిశీలించాలి.