ఆ అమ్మాయి ఏ ఊరి కోర్టుకు వెళ్ళాలి?

మన సంబంధాలు ఎప్పుడూ రాష్ట్రాలు దాటినవే. షోలాపురం అబ్బాయికి కరీంనగర్ పిల్ల, బరంపురం ఇంటికి శ్రీకాకుళం కోడలు, మన హోసూరు అమ్మాయికి బెంగళూరు కాపురం. అప్పగింతలనాడు తల్లి కళ్ళు తుడుచుకుంటుంటే, "రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి పుట్టింట్లో ఉంటుంది, బెంగెందుకమ్మా!" అని మనమే సర్దిచెబుతాం. ఆ రాత్రి ప్రయాణమే, మొగుడు చెయ్యి చేసుకున్ననాడు ఎంత దూరమవుతుందో నేను దగ్గరగా చూశాను.

2011లో మా వీధిలో ఒక కోడలుండేది. ప్రకాశం జిల్లా పిల్ల. కన్నడం నాలుగు ముక్కలకు మించి రాదు. ఒక రాత్రి పిల్లవాణ్ణి చంకనేసుకుని మా తలుపు తట్టింది. పొద్దున్నే స్టేషనుకు తీసుకెళితే, "పెళ్ళి ఆంధ్రాలో జరిగింది కదా, అక్కడే ఇచ్చుకోండి" అన్నారు. పుట్టింటికి వెళితే అక్కడి స్టేషనువారు, "కొట్టింది బెంగళూరులో కదా, మాకేం సంబంధం?" అన్నారు. నాలుగు నెలలు ఇలా తిరిగాక పెద్దమనుషులం కూర్చుని రాజీ చేసి ఆమెను ఆ ఇంటికే పంపాం. ఆ కూర్చున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. "పిన్నిగారూ, ఇంక నేనెక్కడికీ వెళ్ళనులెండి" అంది వెళ్తూ వెళ్తూ. ఆ మాట నాకిప్పటికీ నిద్రపట్టనివ్వదు.

ఎందుకంటే, ఆనాటికే గృహహింస నుంచి మహిళలకు రక్షణ చట్టం వచ్చి అయిదేళ్ళయింది. 2005లో పార్లమెంటు చేసిన ఈ చట్టం 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చింది. అందులో 27వ సెక్షను చదివినవారు మాలో ఒక్కరుంటే ఆమెకు ఆ తిరుగుడు తప్పేది. భార్య శాశ్వతంగా గానీ, తాత్కాలికంగా గానీ ఎక్కడ ఉంటే అక్కడి మేజిస్ట్రేటు కోర్టులో అర్జీ పెట్టుకోవచ్చని ఆ సెక్షను చెబుతుంది. ఆమె ఉద్యోగం చేసే ఊరైనా సరే, భర్త ఉండే ఊరైనా సరే, హింస జరిగిన ఊరైనా సరే. ఒక కోర్టు ఇచ్చిన ఉత్తర్వు దేశమంతటా చెల్లుతుంది.

2020 జనవరిలో సుప్రీంకోర్టు ముందుకు ఇటువంటి తగవే వచ్చింది. భర్త, అత్తమామలు చెన్నైలో ఉంటారు. ఆవిడ బెంగళూరులో పుట్టింటివారి దగ్గరుండి అక్కడ కేసు వేసింది. బెంగళూరు కోర్టుకు ఆ అధికారం ఉందని సుప్రీంకోర్టు చెప్పింది. అయితే అదే తీర్పులో, ఫలానా పని చేశారన్న ఆరోపణ ఏదీ లేకుండా పేర్లెక్కించిన దూరపు బంధువుల మీద కేసు కొట్టేసింది. కోపంలో వంశవృక్షమంతా అర్జీకెక్కించకుండా, ఎవరేం చేశారో అదే రాయాలి.

పోలీసు కేసు వేరే దారి. భర్త, అతని బంధువుల క్రూరత్వానికి 498ఎ అని మనం అలవాటుగా అనేది, 2024 జులై 1 నుంచి జరిగిన నేరాలకు భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షను అయింది. దానికీ, అత్తింటి నుంచి వచ్చేసి తలదాచుకున్న చోటే ఫిర్యాదు చేయవచ్చునని 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది.

చాలామంది ఆడవాళ్ళకు కావలసింది మొగుణ్ణి జైల్లో పెట్టించడం కాదు. దెబ్బలు ఆగాలి, నిలువనీడ ఉండాలి, పిల్లల ఖర్చుకు డబ్బు రావాలి. 2005 చట్టం ఇచ్చేవి అవే. ఇల్లు ఎవరి పేరున ఉన్నా, కాపురమున్న ఇంట్లోంచి ఆమెను చట్టప్రకారం తప్ప వెళ్ళగొట్టడానికి వీల్లేదు. అత్తమామల పేరున ఉన్న ఇల్లయినా, ఆమె అక్కడ స్థిరంగా కాపురం చేసినదైతే ఆ హక్కు ఉంటుందని 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అక్కడ ఉండలేనంటే వేరే ఇల్లు చూపమనీ, అద్దె కట్టమనీ కోర్టు ఆదేశించవచ్చు. రక్షణ ఉత్తర్వును మీరితే ఏడాది వరకు జైలు, ఇరవై వేల వరకు జరిమానా, లేదా రెండూ. మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లో, తీర్పు అరవై రోజుల్లో అని చట్టంలో ఉంది. మన కోర్టుల సంగతి తెలిసినవారు ఆ అరవైని నమ్ముకోరు. అందుకే మొదటి రోజే మధ్యంతర ఉత్తర్వు అడగాలి.

అర్జీ రాయడానికి ప్రభుత్వం నియమించిన ప్రొటెక్షన్ ఆఫీసరు సాయం చేస్తారు. వకీలు ఫీజుకు భయపడనక్కరలేదు. న్యాయసేవల చట్టం కింద ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏ స్త్రీకైనా ఉచితంగా వకీలును ఇస్తారు. యానాంవారు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. చుట్టూ ఆంధ్ర ఉన్నా మనది పుదుచ్చేరి కిందకు, మద్రాసు హైకోర్టు కిందకు వస్తుంది. తమిళనాడులో 1992లో చెన్నై థౌజండ్ లైట్స్‌లో మొదలైన మహిళా పోలీసు స్టేషన్లు ఇప్పుడు రాష్ట్రమంతటా ఉన్నాయి. బొంబాయిలో పోలీసుశాఖలోనే సామాజిక కార్యకర్తలు కూర్చునే ప్రత్యేక విభాగం 1984లోనే మొదలైంది.

భాష రాదన్న జంకు మన కోడళ్ళను ఎక్కువగా వెనక్కి లాగుతుంది. సాక్ష్యం తెలుగులోనే చెప్పవచ్చు, దాన్ని అనువదించి రికార్డు చేస్తారు. స్టేషనులో, ఆఫీసులో మాత్రం పక్కన రెండు భాషలూ వచ్చిన మనిషి ఉంటే ఎంతో మేలు. పెళ్ళిళ్ళకు వంటవాళ్ళను కుదిర్చిపెట్టే మన సంఘం ఈ పని చేయలేదా?

ఇరుగుపొరుగుకూ ఒక మాట. హింస జరుగుతోందని ఎవరైనా ప్రొటెక్షన్ ఆఫీసరుకు తెలియజేయవచ్చు. సదుద్దేశంతో చెప్పినవారి మీద ఏ కేసూ రాదని చట్టమే హామీ ఇస్తోంది. "వాళ్ళింటి గొడవ మనకెందుకు" అని తలుపు వేసుకోవడానికి ఇంకో సాకు వెతుక్కోవాలి.

మహిళల సహాయానికి 181, ఉచిత న్యాయసాయానికి 15100. ఇల్లు విడిచే పరిస్థితే వస్తే పెళ్ళి ఫోటో, ఆధారు, బ్యాంకు పుస్తకం, పిల్లల జనన పత్రాలు, దెబ్బలకు వైద్యం చేయించిన చీటీలు దగ్గరుంచుకోవాలి. అవేవీ తీసుకునే వ్యవధి లేకపోతే వాటికోసం ఆగవద్దు. ఉత్త చేతులతో వచ్చినా అర్జీ తీసుకుంటారు.