పిల్లల బొమ్మలు, బడికి నిధులు

బడికి నీళ్ల ట్యాంకు కావాలంటే వెంటనే ముందుకు వచ్చే దాతలు మనలో ఉన్నారు. అయితే సుద్దముక్కల దగ్గర నుంచి బెంచీల దాకా ప్రతి అవసరానికీ వారి గుమ్మమే ఎక్కాలంటే అడిగే మాకూ మొహమాటమే. అందుకే కొన్ని బడులు పిల్లలు వేసిన బొమ్మలను కార్డులుగా, క్యాలెండర్లుగా అచ్చు వేయించి అమ్ముతుంటాయి. గౌడవెల్లి లాంటి ఊళ్లో ఆ పని నిలబడాలంటే దాతలు ఎక్కడ చెయ్యి వెయ్యాలో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత చెకోస్లొవేకియాలో యిట్కా సాంకోవా అనే ఏడేళ్ల పాప, తమ ఊరికి అందిన సాయానికి కృతజ్ఞతగా యునిసెఫ్‌కు ఒక బొమ్మ వేసి పంపింది. కాగితం దొరక్క గాజు ముక్క మీద వేసిందట. 1949లో యునిసెఫ్ మొదటి గ్రీటింగ్ కార్డు ఆ బొమ్మతోనే వచ్చింది. మన దేశంలో రిప్పన్ కపూర్, ఆరుగురు మిత్రులు కలిసి 1979లో 50 రూపాయలతో మొదలుపెట్టిన క్రై సంస్థ కూడా గ్రీటింగ్ కార్డుల ద్వారా ఎన్నో ఇళ్లకు చేరింది. బొమ్మ ఒక్కటే, దాని కాపీలు వేలు. అసలు బొమ్మను వేలం వేస్తే డబ్బు ఒక్కసారే వస్తుంది, బిడ్డకు తన బొమ్మా మిగలదు. అచ్చు వేస్తే ఆ ఇబ్బంది లేదు.

అమెరికాలో బడులు చాలావరకు ఈ పనిని కంపెనీలకు అప్పగిస్తాయి. పిల్లల బొమ్మను కప్పు మీదో సంచీ మీదో ముద్రిస్తే ఇంట్లోవాళ్లు, బంధువులు కొంటారు. ధరలో కొంత భాగం బడికి వెళ్తుంది. దాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడికి తెస్తే మాత్రం కుదరదు. మేడ్చల్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో, గోదాముల్లో, కట్టుబడి పనుల్లో రెక్కలు ముక్కలు చేసుకునేవారి పిల్లలు మన బడుల్లో ఎందరో. "పది కార్డులు అమ్ముకురా" అని పంపితే ఆ పదీ కొనాల్సింది ఆ ఇల్లే. పేరుకు విరాళం, నిజానికి దొడ్డిదారి ఫీజు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువు ఉచితమని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. అమ్మలేకపోయిన పిల్లవాడు సిగ్గుపడి బడి ఎగ్గొడితే, మనం సంపాదించిన దానికంటే పోగొట్టుకున్నదే ఎక్కువ.

కాబట్టి కొనేవారు బడి బయటివారై ఉండాలి. ఇక్కడే మీ అవసరం. మీలో దుకాణాలు, వ్యాపారాలు ఉన్నవారు ఏటా క్యాలెండర్లు అచ్చు వేయించి ఖాతాదారులకు పంచుతారు. ఎలాగూ ఖర్చయ్యే డబ్బే అది. ఆ క్యాలెండరు మీద పిల్లల బొమ్మ వేయించి, బొమ్మకు ఇంత అని బడికి ఇస్తే చాలు. ఈద్ కార్డులకూ, ఇంట్లో నికాహ్ పత్రికల అంచు డిజైన్లకూ ఇదే పద్ధతి.

లెక్క ఒకటి చూద్దాం. కార్డుకు అచ్చు ఖర్చు 12 రూపాయలు, అమ్మే ధర 20 అనుకుందాం. 500 కార్డులు అమ్మితే వచ్చేది 10,000. అందులో 6,000 ప్రెస్సుకు పోగా బడికి దక్కేది 4,000. అదే ఒక దాత అచ్చు ఖర్చు భరిస్తే మొత్తం 10,000 బడిదే. ఆయన ఇచ్చిన 6,000 వల్ల బడికి 10,000 వచ్చినట్టు. ఆఫ్‌సెట్‌లో ప్లేట్ల ఖర్చు ముందే పడుతుంది కాబట్టి ఎక్కువ కాపీలు వేస్తేనే గిట్టుబాటు. వంద, రెండు వందలైతే డిజిటల్ ప్రింటే నయం.

బొమ్మల విషయంలో ఉపాధ్యాయులకు ఒక మాట. పెన్సిల్ గీతలు స్కానింగ్‌లో తేలిపోతాయి. క్రేయాన్లు, పోస్టర్ రంగులు ఇవ్వండి. పిల్లలు వేసినదాన్ని దిద్దకండి. మినార్ కాస్త వంకరగా ఉంటేనే అది పిల్లల బొమ్మ అనిపిస్తుంది. ప్రాణుల బొమ్మలు వద్దనే కుటుంబాలను బలవంతపెట్టాల్సిన పనిలేదు. ఆకులు, పూలు, జాలీ నమూనాలు, గౌడవెల్లి రైల్వే స్టేషన్, చెరువుగట్టు... వెయ్యడానికి కొదవేముంది! కార్డు వెనుక పేరు, తరగతి చాలు, అదీ తల్లిదండ్రులు ఒప్పుకుంటేనే. ఫొటో, ఇంటి పరిస్థితి అచ్చు వెయ్యకూడదు. జాలి చూపించి అమ్మే కార్డు మాకు వద్దు.

డబ్బు దేనికో ముందే చెప్పాలి: మరుగుదొడ్డి తలుపులకా, మంచినీళ్ల ఫిల్టరుకా అని. ప్రభుత్వ బడి అయితే ప్రధానోపాధ్యాయుడి అనుమతి తీసుకుని, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీకి కూడా తెలియజేయాలి. అచ్చయినవి, అమ్మినవి, మిగిలినవి ఎన్నో రాసి నోటీసు బోర్డు మీద అంటించాలి. కార్డు కొన్న సొమ్ము కొనుగోలే. దాన్ని జకాత్‌లో జమకట్టుకోకండి, 80జి రసీదూ అడగకండి. అచ్చు ఖర్చు కోసం నేరుగా ఇచ్చే విరాళం సంగతి వేరు. దానికి సంస్థ నుంచి రసీదు తీసుకోవచ్చు. అది 2,000 రూపాయలు దాటితే మాత్రం నగదుగా కాక చెక్కుగానో బ్యాంకు ద్వారానో ఇవ్వండి.

క్యాలెండర్ల ఆర్డరు దసరా సెలవుల లోపే చెబితే పిల్లలకు బొమ్మలు వేసే వ్యవధి, ప్రెస్సుకు అచ్చు వేసే వ్యవధి ఉంటాయి. జనవరి రెండో వారం దాటాక ఎంత మంచి క్యాలెండరైనా అడిగేవారుండరు.