ఫాక్‌లాండ్స్ యుద్ధం: 1,800 మంది ఉన్న దీవుల కోసం 907 మంది ఎందుకు చనిపోయారు?

అప్పట్లో జనాభా సుమారు 1,800. గొర్రెల పెంపకమే బతుకుతెరువు. అలాంటి చిన్న దీవుల కోసం 1982లో బ్రిటన్, అర్జెంటీనా 74 రోజులు యుద్ధం చేశాయి. అసలు అక్కడ ఏం జరిగింది?

గొడవ ఎక్కడ మొదలైంది?

దక్షిణ అట్లాంటిక్‌లోని ఈ దీవులు అర్జెంటీనా తీరానికి దాదాపు 500 కిలోమీటర్ల దూరం. బ్రిటన్‌కు దాదాపు 13 వేల కిలోమీటర్లు. అయినా 1833 నుంచి బ్రిటన్ చేతిలోనే ఉన్నాయి. స్పెయిన్ నుంచి తమకు వారసత్వంగా వచ్చాయని, వాటి పేరు మాల్వినాస్ అని అర్జెంటీనా అంటుంది. అక్కడివాళ్లు ఎవరితో ఉండాలనుకుంటే అదే ఫైనల్ అని బ్రిటన్ అంటుంది.

1982లోనే ఎందుకు?

అప్పుడు అర్జెంటీనాలో సైనిక పాలన. ధరలు మండిపోతున్నాయి. మార్చి 30న జనం రోడ్డెక్కారు. ఏప్రిల్ 2న జనరల్ గల్తియేరి ప్రభుత్వం దీవుల్లో సైన్యాన్ని దించింది. అంతే, తిట్టిన నోళ్లే జేజేలు కొట్టాయి.

బ్రిటన్ ఇంత దూరం రాదని గల్తియేరి లెక్క. ఖర్చు తగ్గించుకోవడానికి అక్కడి గస్తీ నౌక ఎండ్యూరెన్స్‌ను తప్పిస్తామని 1981లో బ్రిటన్ ప్రకటించడంతో ఆ ధీమా పెరిగింది. కానీ లెక్క తప్పింది. ప్రధాని థాచర్ యుద్ధనౌకలను పంపారు.

మే 2న అర్జెంటీనా నౌక బెల్‌గ్రానోను బ్రిటన్ జలాంతర్గామి ముంచేసింది. 323 మంది చనిపోయారు. రెండు రోజులకే బ్రిటన్ నౌక షెఫీల్డ్‌పై క్షిపణి దాడి, 20 మంది మృతి. జూన్ 14న దీవుల్లోని అర్జెంటీనా సేనలు లొంగిపోయాయి.

ఎవరికి ఏం మిగిలింది?

గల్తియేరి పదవి పోయింది. 1983లో అర్జెంటీనాకు మళ్లీ ప్రజాస్వామ్యం వచ్చింది. అదే ఏడాది థాచర్ భారీ మెజారిటీతో గెలిచారు. 2013 ప్రజాభిప్రాయ సేకరణలో బ్రిటన్‌తో ఉండటానికి వ్యతిరేకంగా పడినవి మూడే మూడు ఓట్లు. అయినా అర్జెంటీనా తన వాదన వదల్లేదు.

ఈ యుద్ధానికి మనతోనూ ఓ లింక్ ఉంది. బ్రిటన్ దళాన్ని ముందుండి నడిపించిన హెర్మిస్ నౌకే తర్వాత మన ఐఎన్‌ఎస్ విరాట్ అయింది.

మృతుల్లో 649 మంది అర్జెంటీనా వాళ్లు, 255 మంది బ్రిటన్ సైనికులు, ముగ్గురు దీవుల మహిళలు. అర్జెంటీనా పంపిన వాళ్లలో చాలామంది ఇరవై ఏళ్లు కూడా సరిగా నిండని కుర్రాళ్లు. వంద మందికి పైగా సమాధుల మీద పేర్లు కూడా లేవు. 2017లో రెడ్‌క్రాస్ డీఎన్‌ఏ పరీక్షలు మొదలుపెట్టాకే వాళ్లలో ఎక్కువమంది ఎవరో తేలింది. తమ బిడ్డ ఏ సమాధిలో ఉన్నాడో తెలుసుకోవడానికి ఆ తల్లులకు 35 ఏళ్లు పట్టింది.