జాగింగ్ మొదలుపెట్టేవాళ్ళకి రన్నింగ్ షూస్ నిజంగా అవసరమా?

కానిస్టేబుల్ నోటిఫికేషన్ అన్న మాట వినపడితే చాలు, బందరులో, గుడివాడలో గ్రౌండ్లన్నీ తెల్లవారుజామునే నిండిపోతాయి. అవనిగడ్డ వైపు కాలవగట్ల మీద కూడా పరిగెత్తేవాళ్ళు కనపడతారు. అందరికీ డౌట్ ఒకటే. వేలు పోసి రన్నింగ్ షూస్ కొనాలా, ఉన్నవాటితో కానిచ్చేయొచ్చా? ఇంట్లో డబ్బులు అడగాలంటే మొహమాటం. కొనకపోతే మోకాళ్ళు పోతాయేమోనని భయం.

ముందు ఆ భయం సంగతి చూద్దాం. షూస్ వల్ల దెబ్బలు తగ్గుతాయా అని జరిగిన 12 ప్రయోగాల్ని 2022లో కాక్రేన్ అనే సంస్థ కలిపి చూసింది. 11 వేలమందికి పైగా ఉన్నారు అందులో. వాళ్ళలో చాలామంది సైన్యంలో కొత్తగా చేరినవాళ్ళు, అంటే దాదాపు మీలాంటి కుర్రాళ్ళే. మెత్తటి సోల్‌కీ గట్టి సోల్‌కీ దెబ్బల విషయంలో తేడా ఉందని నమ్మకంగా చెప్పే ఆధారం దొరకలేదు. "మీది ఫ్లాట్ ఫుట్ అండీ, మీకు ఈ మోడలే కరెక్టు" అని అమ్ముతారు చూశారా? అలా పాదం చూసి ఇచ్చినా లాభం కనపడలేదు.

మరి నొప్పులెందుకు వస్తాయంటే, తొందర వల్ల. ఆయాసం కొన్ని వారాల్లోనే తగ్గిపోతుంది. ఎముకలు గట్టిపడటానికి మాత్రం నెలలు పడుతుంది. ఈవెంట్స్‌లో మగవాళ్ళు 1600 మీటర్లు 8 నిమిషాల్లో పూర్తి చేయాలి కదా, డేట్ దగ్గరపడుతోందని మూడో వారానికే రోజూ ఐదు కిలోమీటర్లు లాగేస్తారు. అప్పుడు మోకాలి కింద ముందు ఎముక వెంబడి నొప్పి మొదలవుతుంది. పదివేల షూ వేసుకున్నా అది ఆగదు. మొదట్లో వారానికి మూడు నాలుగు రోజులు చాలు. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. ఎముక మీద ఒక్కచోటే వేలితో నొక్కితే ప్రాణం పోతుంటే మాత్రం పరుగు ఆపేసి ఎముకల డాక్టర్‌కి చూపించండి. అది సన్నటి చీలిక కావచ్చు.

"అయితే ఉత్త కాళ్ళతో పరిగెత్తేస్తాం అన్నా" అంటారు. ఇథియోపియా అబేబె బికిలా 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్ ఉత్త కాళ్ళతోనే గెలిచాడు, నిజమే. 1964లో టోక్యోలో మళ్ళీ గెలిచాడు, ఈసారి షూస్ వేసుకుని! చిన్నప్పటి నుంచి చెప్పుల్లేకుండా పరిగెత్తినవాళ్ళ పాదం వేరు. ఇన్నాళ్ళూ చెప్పులు తొడిగి ఇవాళ ఒక్కసారిగా తీసేస్తే పిక్కలు పట్టేస్తాయి. పైగా మన గట్ల మీద తుమ్మముళ్ళు, గాజుపెంకులు. నాన్నగారికి షుగర్ ఉండి మీతోపాటు వాకింగ్‌కి వస్తుంటే, ఆయన్ని మాత్రం చెప్పుల్లేకుండా అస్సలు నడవనివ్వకండి.

ఇంకోటి, మన నేల. రేగడి తడిస్తే సోల్‌కి ముద్దగా అంటుకుని కాలు బరువెక్కుతుంది, ఎండితే నెర్రెలిచ్చి మడమ మడతపడుతుంది. వానాకాలం గట్టు వదిలేసి గ్రౌండ్‌కి వెళ్ళడమే నయం. ఇసుక మీద పరుగు సరదాగానే ఉంటుంది గానీ కొత్తవాళ్ళకి పిక్కల మీద భారం ఎక్కువ.

ఇక కొనడం. నా లెక్కలో ఖరీదైన జత అక్కర్లేదు, మామూలు రన్నింగ్ షూ ఒకటి చాలు. స్కూల్ బూట్లు, అరిగిన కాన్వాస్, హవాయి చెప్పులు మాత్రం వద్దు. పెద్ద బ్రాండ్ పేరుతో దొరికే ఫస్ట్ కాపీలు కూడా వద్దు, ఆ డబ్బుకి పేరులేని ఒరిజినలే మేలు. సాయంత్రం వెళ్ళండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. పరిగెత్తేటప్పుడు వేసుకునే సాక్సే వేసుకెళ్ళండి. బొటనవేలి ముందు వేలెడు వెడల్పు ఖాళీ ఉండాలి, మడమ జారకూడదు. షాపులోనే నాలుగడుగులు పరిగెత్తి చూడండి, సిగ్గుపడొద్దు. "వాడగా వాడగా సాగుతుందండీ" అంటే మాత్రం కొనకండి.

ఈవెంట్స్ రోజున కొత్త జత తీయొద్దు, కనీసం రెండు వారాలు వాడినదే వేసుకెళ్ళండి.