ఇర్వింగ్‌లో రాత్రి పదకొండు, హైదరాబాద్‌లో బ్రేకింగ్ న్యూస్

2009 సెప్టెంబరు 1, మంగళవారం. టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో రాత్రి 11 కావస్తోంది. మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు వెళ్లాల్సినవాళ్లు పడక చేరే వేళ. హైదరాబాద్‌లో అప్పటికి బుధవారం ఉదయం తొమ్మిదిన్నర. రచ్చబండ కార్యక్రమం కోసం బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయల్దేరిన ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి హెలికాప్టర్‌తో సంబంధాలు తెగిపోయాయి.

ఆ తర్వాతి ఇరవై నాలుగు గంటలు తెలుగు వార్తా చానెళ్లకు అగ్నిపరీక్ష. చూపించడానికి దృశ్యం లేదు, చెప్పడానికి సమాచారం లేదు, ఆపడానికి వీల్లేదు. నల్లమల అడవి మ్యాపు, పాత ఫైల్ షాట్లు, ఫోన్‌లో జిల్లా విలేకరి గొంతు. వీటితోనే పగలంతా నెట్టుకొచ్చారు. హెలికాప్టర్ కూలిన పావురాలగుట్ట పేరు అందరి నోటా పడేసరికి టెక్సాస్‌లో మళ్లీ రాత్రయింది. తెలుగునాట జనం ఒక పగలు, ఒక రాత్రి టీవీల ముందు గడిపితే అమెరికా తెలుగువాళ్లకు రెండు రాత్రులూ వాటి నడుమ ఒక ఆఫీసు దినమూ పట్టింది. చానెళ్లు మనకు వార్తలతో పాటు నిద్రలేమినీ ఎగుమతి చేశాయని అప్పుడే తెలిసింది.

ఈ ఎగుమతి సరుకుకు ఒక చరిత్ర ఉంది. దాని మొదట్లో సరుకు వెళ్లింది అమెరికా నుంచి ఇండియాకు.

1975 ఆగస్టు 1న అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు భారతదేశానికి అరువిచ్చింది. సైట్ అనే ఆ ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెల్లో ఊరికో టీవీ పెట్టారు. అందులో మన పల్లెలూ ఉన్నాయి. కరెంటే సరిగా లేని ఊళ్లలో జనం చాపలు పరుచుకుని కూర్చుని తెలుగులో సేద్యం సంగతులు, ఆరోగ్యం సంగతులు చూశారు. ఏడాది కాగానే ఉపగ్రహం వెనక్కి వెళ్లిపోయింది. తెలుగు పల్లెకు తెలుగు బొమ్మను తొలిసారి చూపించింది ఒక అమెరికా ఉపగ్రహమే. ముప్పై ఏళ్లు తిరిగేసరికి తెలుగు బొమ్మ అమెరికాకు ప్రయాణం కట్టింది.

మధ్యలో దూరదర్శన్ కాలం. 1977లో హైదరాబాద్ కేంద్రం మొదలైంది. తెలుగు వార్తలకు మాత్రం 1983 నవంబరు 14 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ రోజు శాంతిస్వరూప్ తొలి బులెటిన్ చదివారు. టెలిప్రాంప్టర్ లేని రోజులు కావడంతో ఆయన వార్తలు కంఠతా పట్టి చెప్పేవారు. తొణకకుండా, గొంతు పెంచకుండా, ముఖ్యమంత్రి మారినా ముఖకవళిక మారకుండా చదివేవారు. 2024 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూసినప్పుడు అమెరికాలో నడివయసు తెలుగువాళ్లు ఒకరికొకరు పంపుకున్న సంతాపాల్లో ఎక్కువగా కనిపించింది ఆ నిదానం మీద బెంగే. తర్వాత వచ్చినవాళ్లెవరికీ ఆ నిదానం అబ్బలేదు. అబ్బితే ఉద్యోగం ఉండేదీ కాదు.

1995లో జెమినీ, అదే ఏడాది ఆగస్టు 27న ఈటీవీ వచ్చాయి. ఈటీవీ వెనుక 1974లో విశాఖపట్నంలో పుట్టిన ‘ఈనాడు’ విలేకరుల వ్యవస్థ ఉంది. మండలానికో కంట్రిబ్యూటర్‌ను పెట్టుకుని జిల్లా పేజీలు నింపిన పత్రిక అది. తెలుగు వార్తా చానెల్‌కు పునాది స్టూడియోలో కన్నా ఆ మండల కేంద్రాల్లోనే పడిందని నా అభిప్రాయం. కెమెరా కొనడం సులువు. నర్సీపట్నంలో ఏం జరిగిందో నిమిషాల్లో ఫోన్ చేసి చెప్పే మనిషిని తయారుచేసుకోవడం కష్టం.

2003 డిసెంబరు చివర్లో ఈటీవీ2, 2004లో టీవీ9 వచ్చాయి. మొదటిది తండ్రి పత్రిక పద్ధతిలో నెమ్మదిగా నడిచింది. రెండోది ఆ పద్ధతిని తలకిందులు చేసింది. ‘మెరుగైన సమాజం కోసం’ అని నినాదం పెట్టుకుని రవిప్రకాశ్ నాయకత్వంలో వచ్చిన టీవీ9, వార్త చదవడం మానేసి వార్తను నడిపించడం మొదలుపెట్టింది. యాంకర్ నిలదీస్తాడు, విలేకరి పరిగెడుతూ మాట్లాడతాడు, కెమెరా వూగుతుంది, కింద స్క్రోలింగ్ ఆగదు. పెద్దలు ముక్కు విరిచారు, కానీ రిమోట్ మాత్రం అక్కడే ఆగింది. 2004లోనే రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. ఎన్నికలంటే తెల్లారి పేపర్లో చూసే సంగతి కాదనీ, రౌండు రౌండుకూ టీవీ ముందు గుండె పట్టుకుని చూసేదనీ అప్పటి నుంచే అలవాటైంది.

2007లో ఎన్‌టీవీ, టీవీ5. 2009లో సాక్షి, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి, హెచ్ఎంటీవీ. ఆపైన టీ న్యూస్, వీ6, 10టీవీ. ఇన్ని చానెళ్లు ఎందుకో తెలియాలంటే అమెరికాలో ఉన్నవాళ్లు 2009 డిసెంబరును తలచుకుంటే చాలు. 9వ తేదీ రాత్రి ఢిల్లీలో కేంద్ర హోంమంత్రి చిదంబరం తెలంగాణ ప్రకటన చేసేసరికి ఇర్వింగ్‌లో లంచ్ టైము. అక్కడి లాస్ కొలీనాస్ ఆఫీసుల్లో ఒకే టీములో పక్కపక్క కూర్చునే ఇద్దరు తెలుగువాళ్లలో ఒకరి మొహం వెలిగి, ఇంకొకరి మొహం మాడిన రోజు అది. 25న ఏబీఎన్ ప్రసారం చేసిన దృశ్యాలతో గవర్నర్ ఎన్.డి.తివారీ మర్నాడే రాజీనామా చేశారు. పుట్టి మూడు నెలలు నిండని చానెల్ రాజ్‌భవన్‌ను ఖాళీ చేయించింది.

అంతలోనే 2010 జనవరి. హెలికాప్టర్ ప్రమాదం వెనుక ఒక పెద్ద పారిశ్రామిక సంస్థ ఉందంటూ ఏదో విదేశీ వెబ్‌సైట్‌లో వచ్చిన ఆధారంలేని రాతను టీవీ5 ప్రసారం చేసింది, మిగతావి అందుకున్నాయి. ఆ రాత్రే రాష్ట్రమంతటా రిలయన్స్ దుకాణాల మీద దాడులు జరిగాయి. టీవీ5 పాత్రికేయుల్ని అరెస్టు చేశారు. నెల తిరక్కుండానే ఈ రంగం తన బలాన్నీ, తన ప్రమాదాన్నీ రెంటినీ చూపించేసింది. చూసేవాడిని కుర్చీ అంచున కూర్చోబెట్టే వార్త అయితే చాలు, నిజమో కాదో తేలేలోగా ఇంకో బ్రేకింగ్ వచ్చేస్తుంది.

ఏ చానెల్ ఎవరిదో తెలుగువాడికి చెప్పనక్కర్లేదు. సాక్షి జగన్‌మోహన్‌రెడ్డి కుటుంబానిది, టీ న్యూస్ అప్పటి తెరాసది, వీ6 రాజకీయ నేత వివేక్ కుటుంబానిది. టీవీ9 2018లో చేతులు మారి, మరుసటి ఏడాది వ్యవస్థాపకుడే బయటికెళ్లాల్సి వచ్చింది. టీవీ5 అధిపతి బి.ఆర్.నాయుడు 2024లో తిరుమల తిరుపతి దేవస్థానాల ఛైర్మన్ అయ్యారు. ఇంటికొచ్చిన అతిథి ఏ చానెల్ పెట్టమన్నాడో దాన్ని బట్టి ఆ సాయంత్రం రాజకీయాలు మాట్లాడాలో వద్దో తేల్చుకోవడం మన ఇళ్లల్లో మర్యాదగా మారింది.

చానెళ్లు నాయకుల చేతుల్లోకి పోయే ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. థాయ్‌లాండ్‌లో నిరసనకారుల మీద 1992లో జరిగిన కాల్పుల తర్వాత, ప్రభుత్వం చెప్పిందే చూపించే టీవీలతో విసిగిన జనం స్వతంత్ర చానెల్ కావాలన్నారు. అలా 1996లో ఐటీవీ వచ్చింది. నాలుగేళ్లకే దాన్ని రాజకీయ నేత థాక్సిన్ కుటుంబ సంస్థ కొనేసింది. చివరికి 2008లో దాని స్థానంలో థాయ్ పీబీఎస్ పుట్టింది. మద్యం, పొగాకు పన్నులో వాటాతో నడిచే ప్రజాప్రసార సంస్థ అది. 2014 మే 22న సైన్యం అధికారం చేజిక్కించుకుని అన్ని టీవీలనూ ఆపేస్తే, థాయ్ పీబీఎస్ యూట్యూబ్‌లో వార్తలు చెబుతూ పోయింది, సైనికులు వచ్చి ఆపేదాకా.

నెల తిరక్కముందే, 2014 జూన్‌లో, కొత్తగా ఏర్పడిన తెలంగాణలో కేబుల్ ఆపరేటర్లు టీవీ9నూ ఏబీఎన్‌నూ ఆపేశారు. శాసనసభ్యుల్ని కించపరిచారన్నది కారణం. ఇక్కడ సైన్యం రాలేదు, ఆ అవసరమూ పడలేదు. కేబుల్ తీగ ఎవరి చేతిలో ఉందో వాళ్లే చాలు. ఏబీఎన్ నెలల తరబడి కనబడలేదు. 2024 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారగానే ఈసారి టీవీ9, సాక్షి వంటివి కేబుల్‌లో మాయమయ్యాయి. వ్యవహారం ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. రెండుసార్లూ ఒక విడ్డూరం జరిగింది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కేబుల్‌లో దొరకని చానెల్ ఇర్వింగ్‌లో ఇంటర్నెట్ మీద నిక్షేపంగా నడిచింది. ఊళ్లో ఉన్న అన్నయ్యకు అమెరికా తమ్ముడు ఫోన్ చేసి, మీ ఊరి వార్త ఇదీ అని చెప్పాల్సిన రోజులు.

అసలు ఇర్వింగ్‌కు ఈ చానెళ్లు ఎలా చేరాయో చూద్దాం. డాలస్‌ను ఆనుకుని ఉన్న ఈ ఊరి జనాభా 2020 లెక్కల్లో 2,56,000 పైచిలుకు. ఒక పక్క డీఎఫ్‌డబ్ల్యూ విమానాశ్రయం, ఇంకో పక్క లాస్ కొలీనాస్ ఆఫీసు భవనాలు, ఆ భవనాల నడుమ నీళ్లలో పరుగెత్తే 9 కంచు గుర్రాలు. వ్యాలీ రాంచ్‌లో సాయంత్రం నడకకు వెళితే తెలుగు చెవిన పడకుండా ఇంటికి రాలేరు. మెకార్థర్ బొలెవార్డ్ వెంట దోసెలకూ బిర్యానీకీ కరువు లేదు. 2014 అక్టోబరు 2న థామస్ జెఫర్సన్ పార్కులో గాంధీ విగ్రహం లేచింది. దానికి ముందుండి పనిచేసినవారు అమెరికా తెలుగు సంఘం తానా మాజీ అధ్యక్షుడు డాక్టర్ ప్రసాద్ తోటకూర. 2010, 2017 నడుమ అమెరికాలో తెలుగు మాట్లాడేవాళ్లు 86 శాతం పెరిగారని ఒక అధ్యయన సంస్థ జనగణన లెక్కలు తీసి చెప్పింది. ఆ పెరుగుదల కళ్లకు కనిపించే ఊళ్లలో ఇదొకటి.

మొదట పేపరు వచ్చింది, అదీ ఇంటర్నెట్‌లో. ఫాంటు దించుకుంటే గానీ అక్షరాలు కనపడని రోజులు. తర్వాత డిష్ నెట్‌వర్క్ తెలుగు ప్యాకేజీ. అపార్టుమెంటు బాల్కనీలో గొడుగు పెట్టుకోవడానికి లీజింగ్ ఆఫీసుతో మాట్లాడుకోవడం ఒక ఘట్టం. 2006లో ఉదయ్‌రెడ్డి అట్లాంటా కేంద్రంగా మొదలుపెట్టిన యప్ టీవీ ఆ గొడుగును తీసేసింది. టీవీకి ఒక చిన్న పెట్టె తగిలిస్తే చాలు. ఆ తర్వాత చానెళ్లే తమ లైవ్‌ను యూట్యూబ్‌లో పెట్టేశాయి, పెట్టె కూడా పోయింది.

అత్తమామలో అమ్మానాన్నలో ఆర్నెల్లకు వస్తున్నారంటే ఇంట్లో ముందు చేసే ఏర్పాటు అదే. కారు నడపరు, పక్కింటివాళ్లతో మాట కలవదు, పిల్లలు బడికి, పెద్దలు ఆఫీసుకు. మిగిలేది టీవీ. ఇండియాలో రాత్రి 9 గంటల డిబేట్ వేసవిలో ఇక్కడ ఉదయం పదిన్నరకు, చలికాలంలో తొమ్మిదిన్నరకు వస్తుంది. కాఫీ కప్పు పట్టుకుని నలుగురు అరుచుకోవడం చూడ్డం మంచి కాలక్షేపం. ఓట్ల లెక్కింపు అయితే ఇక్కడ ముందురోజు రాత్రే మొదలవుతుంది. 2023 డిసెంబరు 3న తెలంగాణ లెక్కింపు ఇర్వింగ్‌లో శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు పడింది. అంతకన్నా మంచి ముహూర్తం ఏ పంచాంగకర్తా పెట్టలేడు. 2024 జూన్ 4 ఆంధ్ర ఫలితాలు మాత్రం సోమవారం రాత్రి పడ్డాయి. మంగళవారం మీటింగుల్లో కెమెరాలు ఆపుకున్నవాళ్ల సంగతి మేనేజర్లకు తెలియకపోవడమే మంచిది.

వీక్షకుడిగా ఇర్వింగ్ తెలుగువాడికి ఒక లోటుంది. గుంటూరులో ఉన్నవాడు టీవీలో చూసిన గొడవ నిజమో కాదో వీధి చివర టీ కొట్టు దగ్గర తేల్చుకుంటాడు. ఇక్కడివాడికి ఆ టీ కొట్టు లేదు. తన చానెల్ చెప్పిందే లోకం, దాన్ని ఖండించేది ఎదుటి చానెల్ మాత్రమే. అందుకే సొంతూళ్లో చల్లారిన కక్షలు కూడా ఇక్కడి వాట్సాప్ గుంపుల్లో సెగలు కక్కుతూంటాయి.

చానెళ్లు ఇర్వింగ్‌ను చూడవని కాదు. 2019 మేలో ఇర్వింగ్ కన్వెన్షన్ సెంటర్‌లో మరో తెలుగు సంఘం నాట్స్ తెలుగు సంబరాలు జరిగితే తెలుగు మీడియాలో బాగానే వచ్చింది. హీరో దిగినా, మంత్రి వచ్చినా, గాంధీ విగ్రహానికి దండ వేసినా వార్తే. వీసా నిబంధన మారితే చర్చే చర్చ. కాల్పుల్లో తెలుగువాడు పోతే ఓబీ వ్యాను తిన్నగా తల్లిదండ్రుల వాకిట్లో ఆగుతుంది. ఎన్నారై అంటే వాళ్ల దృష్టిలో పండగ, విరాళం, వీసా, మృతదేహం. మధ్యలో విరామానికి హైదరాబాద్ శివార్లలో ఓపెన్ ప్లాట్ల ప్రకటన. ఆ ప్రకటన ఎవరి కోసమో ఇర్వింగ్‌వాళ్లకు బాగా తెలుసు, కొందరు కొన్నారు కూడా.

కానీ 2025 మార్చిలో ఈ ఊళ్లోనే ఒక పెద్ద గొడవ నడిచింది. పాత టెక్సాస్ స్టేడియం పరిసరాల్లో కాసినోతో కూడిన రిసార్టు కట్టుకోవడానికి లాస్ వేగాస్ శాండ్స్ సంస్థ నగరపాలక సంస్థను అనుమతి అడిగింది. ఊరివాళ్లు సిటీ హాలుకు పోటెత్తారు. గంటల తరబడి సభ నడిచింది. సంస్థ కాసినో భాగాన్ని వెనక్కి తీసుకుంది, మిగతాదానికి కౌన్సిల్ ఒప్పుకుంది. నాలుగు రోడ్ల అవతల మన పిల్లలు చదివే ఊరి సంగతి ఇది. దీని గురించి గంటసేపు డిబేట్ పెట్టడానికి కావలసినవన్నీ ఉన్నాయి: డబ్బు, రాజకీయం, నీతి, కోపం. తెలుగు తెర మీద మాత్రం ఆ వారం ఇర్వింగ్ ఊసు నాకు కనబడలేదు.

ఇదే ఊళ్లో స్పానిష్ మాట్లాడే ఇంటికి ఆ లోటు లేదు. డాలస్ యూనివిజన్ 23, టెలిముండో 39 వాళ్ల భాషలో ఈ చుట్టుపక్కల వార్తలే చెబుతాయి. ట్రాఫిక్, వడగళ్ల వాన, బడి బోర్డు, మేయర్. జనం ఎక్కువ, ప్రకటనలు ఇక్కడి దుకాణాలవి, లైసెన్సు ఇక్కడిది, కనుక వార్తా ఇక్కడిదే. మన చానెల్‌కు జీతం ఇచ్చేది జూబ్లీహిల్స్. ఇర్వింగ్ సిటీ కౌన్సిల్‌కు విలేకరిని పంపడానికి దానికి కారణమేమీ లేదు. పంపాల్సింది ఇక్కడివాళ్లే. ఫోను ఉంది, యూట్యూబ్ ఉంది, గురువారం కౌన్సిల్ సమావేశాలకు ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు, మూడు నిమిషాలు మాట్లాడను కూడా మాట్లాడొచ్చు. వంటల చానెళ్లు, ఇల్లు చూపించే వ్లాగులు డాలస్ తెలుగువాళ్లవి ఎన్ని కావాలంటే అన్ని ఉన్నాయి. కౌన్సిల్ ఎజెండా చదివి, వ్యాలీ రాంచ్‌లో ఉన్న మన ఇంటి పన్ను ఈ ఏడాది ఎందుకు పెరిగిందో తెలుగులో చెప్పే మనిషి మటుకు ఇంకా మైకు పట్టుకోలేదు.