రైల్వే షెడ్డులో పుట్టిన పాట... జైలు దాటి, సముద్రం దాటి!

గూడ్సు బండిని స్టేషన్‌లో లూప్ లైన్లో గంటల తరబడి పడేసి, వెనక వచ్చిన మెయిలు బండిని ముందు పంపించడం రైలు పట్టాల పక్క ఊళ్లవారికి కొత్త కాదు. సరిగ్గా ఈ సంగతి మీదే అమెరికాలో ఒక జానపదం ఉంది. తన సరుకు బండిని పక్క లైన్లో పెట్టకుండా తప్పించుకోవడానికి డ్రైవరు ఒక అబద్ధం ఆడతాడు. బండి నిండా ఆవులు, గుర్రాలు, మేకలు, గొర్రెలు ఉన్నాయంటాడు. మూగజీవాలను ఎండలో నిలబెట్టకూడదు గనుక స్టేషన్ వారు దారి వదులుతారు. బండి దాటిపోయాక డ్రైవరు వెనక్కి తిరిగి, మిమ్మల్ని మోసం చేశాను, ఉన్నదంతా పోత ఇనుమే అని కేక వేస్తాడు.

కథ ఇంతే. పాట పేరు 'రాక్ ఐలండ్ లైన్'. రాక్ ఐలండ్ అన్నది ఒక రైలు కంపెనీ పేరు. 1968లో రిషీకేశ్‌లో మహర్షి మహేష్ యోగి ఆశ్రమానికి వచ్చి, మన పత్రికల్లో ఫోటోలు పడిన బీటిల్స్ బృందం గుర్తుండే ఉంటుంది. ఆ కుర్రవాళ్లు గిటారు పట్టడానికి మూలం వెదుక్కుంటూ పోతే దారి ఈ పాట దగ్గరికి, అక్కడినుంచి ఒక జైలు పొలానికి, చివరికి ఒక రైల్వే వర్క్‌షాపుకు చేరుతుంది.

షెడ్డు నుంచి జైలుకు

అమెరికా దక్షిణాన అర్కాన్సాస్ రాష్ట్రంలో లిటిల్ రాక్ అనే పట్టణం ఉంది. ఆ రైలు కంపెనీకి అక్కడ బిడిల్ షాప్స్ అనే వర్క్‌షాపు ఉండేది. అందులో పనిచేసే నల్లజాతి కార్మికులు నలుగురైదుగురు కలిసి ఒక పాటల బృందం పెట్టుకున్నారు. కంపెనీకి మంచి పేరు తేవడం, నలుగురినీ ఆ రైలు ఎక్కమనడం వారి పాటల ఉద్దేశం. ఆ బృందంలోని క్లారెన్స్ విల్సన్ 1929లో ఈ పాట కట్టాడు. మొదటి పాటలో డ్రైవరు అబద్ధం లేదు. షాపులో ఎవరు ఎలాంటివారో, ఎవరి వేషాలు ఏమిటో చెప్పే సరదా చరణాలు ఉండేవి. నాట్లు వేసేటప్పుడు మన ఆడవాళ్లు మేస్త్రీ మీద, ఆసామి మీద చరణాలు కట్టి పాడరా, ఇదీ ఆ తరహాదే.

అయిదేళ్లు తిరిగేసరికి ఆ పాట వర్క్‌షాపు గేటు దాటి జైల్లోకి నడిచింది. ఎవరు తీసుకెళ్లారో ఎవరూ రాసిపెట్టలేదు. 1934 శరత్కాలంలో జాన్ లోమాక్స్ అనే జానపద గేయ సేకర్త అర్కాన్సాస్ జైలు పొలాలకు వెళ్లేసరికి ఖైదీలు దాన్ని పాడుతున్నారు. కమిన్స్ జైలు పొలంలో కెల్లీ పేస్ అనే ఖైదీ పాట ఎత్తుకోగా మిగిలినవారు వంత పాడారు. వాయిద్యం ఒక్కటీ లేదు, గొంతులు మాత్రమే. లోమాక్స్ దాన్ని అమెరికా జాతీయ గ్రంథాలయం కోసం రికార్డు చేశాడు.

ఆ రోజుల్లో రికార్డు చేసే యంత్రమంటే చేతిసంచిలో పట్టేది కాదు. లోమాక్స్ కారు వెనక భాగంలో బిగించుకుని తిరిగిన యంత్రం మూడు వందల పౌన్ల పైచిలుకు, అంటే దాదాపు క్వింటాలున్నర బరువు. ఆ ప్రయాణంలో కారు నడిపినవాడు, యంత్రం మోసినవాడు, ఖైదీలకు ముందుగా తాను పాడి చూపించి వారి బెరుకు పోగొట్టినవాడు ఒకడున్నాడు. అతడు అంతకు రెండు నెలల ముందే మరో జైలు నుంచి విడుదలై వచ్చాడు.

'సీసం పొట్ట' వాడు

అతడి అసలు పేరు హడీ లెడ్‌బెటర్. తోటి ఖైదీలు పెట్టిన పేరు లెడ్ బెల్లీ, అంటే సీసం పొట్టవాడని అర్థం. ఆ పేరే లోకంలో నిలిచింది. లూసియానా రాష్ట్రంలో మూరింగ్స్‌పోర్ట్ దగ్గర 1880ల చివర్లో రైతు కుటుంబంలో పుట్టాడు. చుట్టూ పత్తి చేలు. చిన్నప్పుడే వాయిద్యాలు పట్టాడు. మామూలు గిటారుకు ఆరు తీగలుంటే ఇతడు పన్నెండు తీగల గిటారు వాయించేవాడు. పొలాల్లో, పెళ్లి విందుల్లో, సారా కొట్ల దగ్గర పాడి నాలుగు డబ్బులు సంపాదించేవాడు.

మనిషి సాధువేమీ కాదు. కోపం ఎక్కువ, కత్తి చేతిలో ఉండేది. బంధువును చంపిన కేసులో 1918లో టెక్సాస్ జైలుకు వెళ్లాడు. ఏడేళ్లకు తక్కువ కాకుండా ముప్పయ్యేళ్ల వరకు శిక్ష. జైలుకు వచ్చిన గవర్నరు పాట్ నెఫ్ ఎదుట తనను వదిలిపెట్టమని తానే పాట కట్టి వినిపించాడు. నెఫ్ ఎవరికీ క్షమాభిక్ష పెట్టనని చెప్పి గద్దెనెక్కిన మనిషి. అయినా దిగిపోయే ముందు, 1925 జనవరిలో, ఇతడిని విడిచిపెట్టాడు.

మళ్లీ 1930లో ఒక తెల్లవాడిని కత్తితో గాయపరిచిన కేసులో లూసియానాలోని అంగోలా జైలు పాలయ్యాడు. లోమాక్స్, ఆయన కొడుకు అలన్ 1933లో అక్కడికి వచ్చి ఇతడి పాటలు విని ముగ్ధులయ్యారు. మరుసటి సంవత్సరం మళ్లీ వచ్చి రికార్డు చేసి, పాట రూపంలో ఉన్న ఆ అర్జీని ఈసారి లూసియానా గవర్నరుకు అందజేశారు. 1934 ఆగస్టులో విడుదలయ్యాడు. పాటకే జైలు తలుపు తెరుచుకుందని లోకం చెప్పుకుంటుంది. సత్ప్రవర్తన నిబంధన కింద ఎటూ వదలవలసిన మనిషేనని జైలు అధికారులు అన్నారు. కాగితాల ప్రకారం అధికారుల మాటే నిజం. జనానికి నచ్చింది మాత్రం మొదటిదే.

పాట ఎవరిది? పైసలు ఎవరివి?

1935 ఆరంభంలో లోమాక్స్ ఇతడిని న్యూయార్క్ తీసుకెళ్లాడు. పత్రికలు విరగబడ్డాయి. అయితే రాసింది పాట గురించి తక్కువ, హత్య గురించి ఎక్కువ. సినిమా హాళ్లలో వేసే వార్తాచిత్రం కోసం ఇతడికి మళ్లీ ఖైదీ బట్టలు తొడిగించి నటింపజేశారు. విడుదలైన మనిషికి అంతకంటే అవమానం ఏముంటుంది?

రాబడిలో మూడు వాటాలు వేశారు. తండ్రికి ఒకటి, కొడుక్కి ఒకటి, పాడినవాడికి ఒకటి. డబ్బు దగ్గరే పేచీ వచ్చి మూడు నెలలు తిరక్కుండానే లోమాక్స్‌తో తెగతెంపులైంది. లోమాక్స్ లేకపోతే ఆ గొంతు అంగోలాలోనే అణగిపోయేది, అది నిజమే. కాని పాటగాడికి మూడోవంతు, పాటను పట్టుకొచ్చినవారికి రెండు వంతులు అన్న లెక్క ఏ కళ్లంలోనైనా తగాదా తెచ్చేదే.

తరువాత లెడ్ బెల్లీ న్యూయార్క్‌లోనే కాపురం పెట్టాడు. వూడీ గుత్రీ, పీట్ సీగర్ వంటి జానపద గాయకులు అతడి గదికి వచ్చి పాడుతుండేవారు. రాజధాని వాషింగ్టన్‌లో నల్లవాడికి బస ఇవ్వకపోతే ఆ అవమానం మీద కూడా పాట కట్టాడు. పేరు పెరిగింది గాని చేతిలో డబ్బు నిలవలేదు. కండరాలు క్రమంగా చచ్చుబడే జబ్బుతో 1949 డిసెంబరు 6న కన్నుమూశాడు.

ఆ మరుసటి సంవత్సరమే, 1950లో, అతడు ఎప్పుడూ పాడే 'గుడ్‌నైట్ ఐరీన్' పాటను పీట్ సీగర్ ఉన్న వీవర్స్ బృందం రికార్డు చేసింది. అమెరికాలో పదమూడు వారాలు అదే మొదటి స్థానం! విని సంతోషించడానికి అతడు లేడు. చిత్రమేమంటే ఆ పాటా అతడు పుట్టించింది కాదు, చిన్నాన్న దగ్గర నేర్చుకున్నది. దాని మూలం 1886లో గస్సీ డేవిస్ అనే మరో నల్లజాతి రచయిత అచ్చు వేయించిన పాటలో ఉందని పరిశోధకులు చూపించారు. జానపదానికి సొంతదారు ఎవరంటే చెప్పడం ఇంత కష్టం.

టీ పెట్టె, బట్టలు రుద్దే పలక

రైలు పాట ఈలోగా సముద్రం దాటింది. జైల్లో విన్నదానికి డ్రైవరు అబద్ధం కథ చేర్చి సభల్లో చెప్పడం లెడ్ బెల్లీ చేసిన పనే. అతడి రికార్డులు లండన్ చేరాయి. అక్కడ క్రిస్ బార్బర్ జాజ్ బృందంలో లోనీ డోనెగన్ అనే యువకుడు ఉండేవాడు. 1954 జులైలో బృందం రికార్డు పూర్తి చేయడానికి పాటలు చాలక దీన్ని కూడా పాడాడు. తాళానికి బట్టలు రుద్దే గాళ్ల పలక! వేళ్లకు కుట్టుపని తొడుగులు పెట్టుకుని దానిమీద గీకడమే.

లూప్ లైన్ మతలబు డోనెగన్‌కు అర్థం కాలేదు. అతడి పాటలో స్టేషన్ కాస్తా టోల్ గేటు అయింది. పశువులకు సుంకం లేదు, ఇనుముకు ఉంది, అందుకే డ్రైవరు అబద్ధమాడాడన్నమాట. పైగా ఆ రైలు న్యూ ఓర్లీన్స్‌కు పోతుందన్నాడు. ఆ కంపెనీ పట్టాలు న్యూ ఓర్లీన్స్ దాకా లేనే లేవు. తప్పులతోనే పాట పట్టాలెక్కింది. విడిగా రికార్డు వేసి వదిలితే 1956లో బ్రిటన్‌లోనూ, పాట పుట్టిన అమెరికాలోనూ మొదటి పదింటిలో చేరింది. డోనెగన్‌కు ముట్టింది ఆ రోజు కూలిగా ఇచ్చిన కొద్ది పౌన్లే.

రికార్డు కన్నా పెద్ద సంగతి వేరే ఉంది. ఈ పాట వాయించడానికి సంగీతం మాస్టారు అక్కర్లేదని బ్రిటన్ కుర్రవాళ్లు కనిపెట్టారు. రెండు మూడు మెట్లు తెలిస్తే చాలు. ఒక చవక గిటారు, అమ్మ బట్టలు రుద్దే పలక, ఒక టీ పెట్టె. ఇండియా, సిలోన్ తోటల నుంచి తేయాకు నింపి పంపే చెక్క పెట్టెను బోర్లించి, చీపురు కర్ర నిలబెట్టి, తాడు బిగిస్తే 'బుమ్ బుమ్' అంటూ బాస్ వాయిద్యం తయారు. వీధికో బృందం పుట్టింది. ఈ సంగీతానికి స్కిఫుల్ అని పేరు.

లివర్‌పూల్ రేవు పట్టణంలో జాన్ లెనన్ అనే బడి పిల్లవాడు 1956లో అలాంటి బృందమే పెట్టాడు. తన బడి పేరు మీద దానికి క్వారీమెన్ అని పేరు. 1957 జులై 6న ఒక చర్చి తిరునాళ్లలో వాళ్లు పాడుతుండగా పాల్ మెకార్ట్‌నీ వచ్చి లెనన్‌ను కలిశాడు. మరుసటి ఏడు జార్జ్ హారిసన్ చేరాడు. గిటార్లకు కరెంటు తగిలించారు. బీటిల్స్ అయ్యారు. మన రవిశంకర్ దగ్గర సితార్ నేర్చుకున్న హారిసనే, లెడ్ బెల్లీ లేకుంటే డోనెగన్ లేడని, డోనెగన్ లేకుంటే తాము లేమని తరువాత చెప్పుకున్నాడు.

మరో నలభై ఏళ్లకు

ఆ తరువాత రాక్ గాయకులు ఒక్కొక్కరూ ఆ పాత రికార్డుల దగ్గరికే నడిచారు. పత్తి చేల మీద లెడ్ బెల్లీ పాడిన పాటను క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ బృందం 1969లో పాడింది. జైలు పక్కనుంచి అర్ధరాత్రి వెళ్లే రైలు పాట కూడా అదే రికార్డులో ఉంది. అమెరికా రాక్ సంగీత గౌరవ మందిరంలో 1988లో అతడి పేరు ఎక్కించారు. రాక్ అన్న మాట ప్రచారంలోకి రాకముందే పోయిన మనిషి!

1993 నవంబరు 18న న్యూయార్క్‌లో టెలివిజన్ కోసం జరిగిన కచేరీలో, అప్పటికి కుర్రకారు వెర్రిగా అభిమానిస్తున్న నిర్వాణా బృందం గాయకుడు కర్ట్ కొబేన్ చివరి పాటగా లెడ్ బెల్లీ పాడిన పాత జానపదాన్నే ఎంచుకున్నాడు. తనకు అందరికన్నా ఇష్టమైన గాయకుడని చెప్పి మరీ పాడాడు. అయిదు నెలలు తిరక్కుండానే, 1994 ఏప్రిల్‌లో, ఇరవై ఏడేళ్లకే ప్రాణం తీసుకున్నాడు. ఆ ఏడే విడుదలైన ఆ కచేరీ రికార్డు అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. కొబేన్ కోసం దాన్ని కొన్న పిల్లలు లెడ్ బెల్లీ ఎవరని అడగడం మొదలుపెట్టారు.

రాక్ ఐలండ్ రైలు కంపెనీ 1980లో మూతపడింది. లెడ్ బెల్లీ సమాధి మూరింగ్స్‌పోర్ట్ సమీపాన షైలో బాప్టిస్టు చర్చి దగ్గర, అతడు పుట్టి పెరిగిన పొలాలకు దాపునే ఉంది.