బుద్ధుడడిగిన ప్రశ్నలు

గురువు శిష్యునకు జవాబు చెప్పుట సులభము. శిష్యుడే జవాబును కనుగొనునట్లు చేయుట కష్టము. ఈ రెండవ మార్గమును అనుసరించిన మహాగురువు గౌతమ బుద్ధుడు. ఆయన జీవితము ఒక ప్రశ్నతో మలుపు తిరిగినది. ఆయన బోధలో ప్రశ్నయే ముఖ్యసాధనమైనది.

సుమారు 2,500 సంవత్సరములకు పూర్వము హిమాలయముల దిగువ ప్రాంతమున కపిలవస్తు వను పట్టణము ఉండెను. అది శాక్యులను క్షత్రియులకు ముఖ్యపట్టణము. శాక్యనాయకుడగు శుద్ధోదనుని భార్య మాయాదేవి, పుట్టినింటికి పోవుచు, మార్గమధ్యమున లుంబినీ వనమందు ఒక కుమారుని ప్రసవించెను. ఆ లుంబిని నేడు నేపాళ దేశములో నున్నది. అశోక చక్రవర్తి ఆ స్థలమును దర్శించి, బుద్ధుడు జన్మించిన చోటు ఇదియేయని తెలుపుచు ఒక శిలాస్తంభమును నిలిపెను. దానిపైనున్న శాసనము 1896వ సంవత్సరమున బయల్పడెను.

ఆ శిశువునకు సిద్ధార్థుడని పేరిడిరి. ఏడవ దినముననే తల్లి మరణించుటచే, ఆమె చెల్లెలగు మహాప్రజాపతి గౌతమి ఆ బిడ్డను పెంచెను. యుక్తవయస్సున సిద్ధార్థునకు యశోధరతో వివాహమయ్యెను. రాహులుడను కుమారుడు కలిగెను. కుమారుని కంట దుఃఖమన్నది పడకుండునట్లు తండ్రి అన్ని యేర్పాట్లును చేసెనని బౌద్ధ గ్రంథములు చెప్పుచున్నవి. కాని సిద్ధార్థుడు రథమెక్కి విహారమునకు పోవునపుడు ఒకనాడు ఒక వృద్ధుని, మరియొకనాడు ఒక రోగిని, ఇంకొకనాడు ఒక శవమును చూచెను. ఈ గతి తనకును పట్టునా యని ఆయన సారథి నడిగెను. పుట్టినవారికెల్ల ఇది తప్పదని సారథి బదులు చెప్పెను. ఆ పిమ్మట ప్రశాంతముగా నడచిపోవుచున్న ఒక సన్న్యాసిని చూచి, ఈ దుఃఖమునకు అంతము లేదా యని సిద్ధార్థుడు ఆలోచింపసాగెను. ఆ ప్రశ్న ఆయనను నిద్ర పోనీయలేదు. తన 29వ యేట ఒక రాత్రి ఆయన భార్యాపుత్రులను, రాజ్యమును విడిచి వెడలిపోయెను.

ఆలార కాలాముడు, ఉద్దక రామపుత్రుడు అను గురువుల యొద్ద ఆయన ధ్యానము నభ్యసించెను, తృప్తి కలుగలేదు. అటుపిమ్మట ఆరు సంవత్సరములు కఠోరతపస్సు చేసెను. ఆహారము మానుటచే శరీరము ఎముకల గూడయ్యెనే గాని సత్యము గోచరింపలేదు. శరీరమును హింసించినంత మాత్రమున మనస్సు శుద్ధమగునా యని ఆయన తన్ను తాను ప్రశ్నించుకొనెను. కాదని తెలిసికొని, సుజాత యను పల్లెపడుచు ఇచ్చిన పాయసమును స్వీకరించి, గయకు సమీపమున ఒక రావిచెట్టు క్రింద ధ్యానమున కూర్చుండెను. అచ్చట, తన 35వ యేట, ఆయన బుద్ధుడు, అనగా మేల్కొనినవాడు, అయ్యెను.

తాను తెలిసికొనిన సత్యమును బుద్ధుడు మొదట కాశీ సమీపమునగల సారనాథమున ఐదుగురు తాపసులకు ఉపదేశించెను. మంచి వైద్యుడు ముందుగా రోగమును గుర్తించును. పిదప దాని కారణమును వెదకును. అది కుదురునో లేదో నిర్ణయించును. తుదకు చికిత్స చెప్పును. బుద్ధుడు బోధించిన నాలుగు ఆర్యసత్యముల క్రమము కూడ ఇట్టిదే. జీవితమున దుఃఖము కలదు. దానికి కారణము తృష్ణ, అనగా తీరని యాశ. తృష్ణ నశించిన దుఃఖము నశించును. అందులకు మార్గము కలదు. సరియైన దృష్టి, సంకల్పము, మాట, చేత, జీవనోపాధి, ప్రయత్నము, జాగరూకత, ధ్యానము అను ఎనిమిది అంగములు గల ఆ మార్గమునకు అష్టాంగమార్గమని పేరు. భోగములలో మునుగుటయు, దేహమును మాడ్చుటయు గాక రెంటికిని నడుమ పోవుటచే దీనిని మధ్యమమార్గ మందురు.

ఈ మధ్యమమార్గమును బుద్ధుడు ఎట్లు నేర్పెనో చూడుడు. సోణుడను ధనికుని కుమారుడు సన్న్యసించి, పాదములు చిట్లి నెత్తురు కారువరకు నడచుచు ధ్యానము చేసెను. ఫలితము కానక, ఇల్లు చేరుటయే మేలని తలచెను. అతడు పూర్వము వీణ వాయించెడివాడని బుద్ధు డెరుగును. తీగెలు మిక్కిలి బిగించిన వీణ చక్కగా పలుకునా యని అడిగెను. పలుకదని సోణుడనెను. మిక్కిలి వదులు చేసిన పలుకునా? అప్పుడును పలుకదు. ప్రయత్నము కూడ అట్టిదేయని సోణునకు బోధపడెను.

మరియొకప్పుడు కరవు వచ్చి రోహిణీ నది ఎండిపోసాగెను. ఆ నీటికై శాక్యులును, పొరుగువారగు కోలియులును కత్తులు దూసిరి. ఒకరు బుద్ధునకు తండ్రివైపు బంధువులు. ఒకరు తల్లివైపు వారు. బుద్ధుడు వారి నడుమకు వచ్చి, నీటి వెల యెంత, మనుష్యుల ప్రాణముల వెల యెంత యని అడిగెను. స్వల్పమైన దానికొరకు వెల లేనిదానిని పోగొట్టుకొనుట తగునా యనగా, ఇరువురును సిగ్గుపడి ఆయుధములు దించిరి.

ఈ బోధలో మిక్కిలి మనస్సు కరగించునది కిసాగోతమి కథ. శ్రావస్తీ నగరమున నున్న ఆమెకు ఒక్కడే కుమారుడు. వాడు ఆడుకొను ప్రాయమున మరణించెను. ఆమె దానిని నమ్మజాలక, శవమును చంక నిడుకొని, మందిండని ఇంటింట నడిగెను. కొందరు నవ్విరి. ఒకడు జాలిపడి ఆమెను బుద్ధుని కడకు పంపెను. "అమ్మా, కొన్ని ఆవాలు తెమ్ము. కాని ఇచ్చువారి యింట ఎన్నడును ఎవరును చనిపోయి యుండరాదు" అని బుద్ధు డనెను. ఆమె ఆశతో పరుగెత్తెను. ఆవాలు లేని యిల్లు లేదు. చావు నెరుగని యిల్లును లేదు. ఒకచోట తండ్రి, ఒకచోట కూతురు, ఒకచోట భర్త. ప్రొద్దు గ్రుంకువేళకు ఆమెకు సంగతి తెలిసెను. బిడ్డను శ్మశానమున విడిచి వచ్చి, ఇక ఆవాలతో పని లేదని చెప్పెను. చనిపోయినవాడు తిరిగిరాడన్న మాటను ఊరివారు ఆమెకు చెప్పకపోలేదు. ఆ మాట ఆమె చెవికెక్కలేదు. పదిమంది దుఃఖమును కన్నులార చూచిన పిదపనే తన దుఃఖమును భరించు శక్తి ఆమెకు కలిగెను.

తన మాటనైనను గ్రుడ్డిగా నమ్మవలదని బుద్ధుడు చెప్పెను. ఏ బోధను ఎట్లు నమ్మవలెనని కాలాములను జనులు అడుగగా, ఆచారమనియో, గ్రంథమందున్నదనియో, గురువు చెప్పెననియో గ్రహింపక, అది తమకును ఇతరులకును మేలు చేయునో కీడు చేయునో స్వయముగా విచారింపుడని బోధించెను. ఆయన సంఘమున పుట్టుకనుబట్టి హెచ్చుతగ్గులు లేవు. శాక్యకుమారులు సన్న్యసింపవచ్చినపుడు, వారికంటె ముందుగా వారి మంగలియగు ఉపాలికి దీక్ష ఇచ్చి, వారిచేత అతనికి నమస్కరింపజేసెను.

ఇట్లు 45 సంవత్సరములు ఊరూర తిరిగి బోధించి, 80వ యేట కుశీనగరమున సాలవృక్షముల నడుమ బుద్ధుడు నిర్వాణమొందెను. ప్రియశిష్యుడగు ఆనందుడు దుఃఖింపగా, పుట్టిన ప్రతి వస్తువునకును నాశము తప్పదని ఓదార్చెను. తన అనంతరము ధర్మమునే గురువుగా భావింపుడనియు, ఎవరి కృషిచే వారే తరింపవలెననియు శిష్యులకు బోధించెను.

ఆ ధర్మము కృష్ణాతీరమునకును వచ్చెను. భట్టిప్రోలు స్తూపమున బుద్ధుని అస్థికలను గూర్చిన శాసనము గల కరండము దొరకినది. అమరావతి శిల్పులు పెక్కుచోట్ల బుద్ధుని రూపమును చెక్కక, ఒక శూన్యాసనమును, ఒక రావిచెట్టును, రెండు పాదముద్రలను మాత్రమే చెక్కిరి. నడచినవాడు వెడలిపోయెను, నడచిన త్రోవ నిలిచియున్నది. బాలలారా, కోపము వచ్చినపుడు, ఆశ పుట్టినపుడు, దుఃఖము కలిగినపుడు ఒక్క క్షణమాగి, దీనికి కారణమేమని మిమ్ము మీరు ప్రశ్నించుకొనుడు. ఆ త్రోవలో మొదటి అడుగు అదియే.